సాగని దారం

పంజా సెంటర్లో ఖాజాబీ కొట్టు.
గల్లాపెట్టె వెనక గోడంతా దారపు చుట్టలే.
"ఏ నీళ్లకి?" అంటుంది ముందు.
జేబులో ఎంతుందో తర్వాత అడుగుతుంది.

ఆటోనగర్లో ఇరవై రెండేళ్లు గ్రైండింగ్ మిషను పట్టినోణ్ణి.
నా వేళ్లకి వేడీ తెలీదు, చలీ తెలీదు.
నైలాను వేసిన రోజుల్లో
జెల్ల వచ్చి, ఎర తిని, మూతి తుడుచుకుని పోయినా
నాకు కబురందేది కాదు.
నైలాను సాగుతుంది కదా,
అటు చేప లాగిన లాగుడు
ఇటు నా దాకా వచ్చేసరికి
తాలూకాఫీసులో అర్జీలా
ఎక్కడో మధ్యలో నానిపోయేది.

"నీకు జడదారం కావాలి భయ్యా, అది సాగదు" అంది.
నాలుగు పాయలదొకటి, ఎనిమిది పాయలదొకటి
అరచేతిలో పెట్టి గోటితో గీకమంది.
మొదటిది గరగరమంది, ఆకురాయిలా.
రెండోది చప్పుడే చేయలేదు.

అప్పట్నుంచి చేపని వదిలేసి
నీళ్లని చూడ్డం మొదలెట్టాను.

ఎండాకాలం సీతానగరం వైపు కృష్ణలో
అడుగున గులకరాళ్లు లెక్కపెట్టుకోవచ్చు.
నువ్వు చూస్తున్నావంటే అదీ చూస్తుందని అర్థం.
సన్నది, బూడిదరంగుది, ఎనిమిది పాయలది వేసి
చివర రెండు బారలు అద్దంలాంటి దారం ముడెయ్యాలి.
ఆ ముడికి ఉమ్ము తడి పెట్టకపోతే తెగుతుంది.

బందరు కాలవలో గుర్రపుడెక్క.
అక్కడ మర్యాదలు పనికిరావు.
నాచురంగు లావుది,
కాడల్ని కొడవల్లా కోసుకుంటూ
కొర్రమీనుని గడ్డీగాదంతో సహా ఈడ్చుకొస్తుంది.

బ్యారేజీ కింద, గేట్లు దించిన మర్నాడు,
సిమెంటు దిమ్మల అంచులకి మొరటు నాలుగు పాయలదే మొగుడు.
మాట వినకుండా ఖరీదైనది వేసి
మొత్తం రాయికి అప్పజెప్పి వచ్చిన రాత్రి
మా సుబ్బరత్తమ్మ చారు పోసింది,
ఏమీ అనకుండా. అదే ఎక్కువ మండింది.

ఆగస్టులో టీ రంగు కొత్తనీరొస్తే
దారం రంగు చూసే చేప ఉండదు.
అప్పుడు పసుపుది వేస్తాను,
మసకపడే వేళ నా చత్వారం కోసం.

గాలి కొడితే ఏ దారమైనా పొట్టేసుకుంటుంది.
కర్ర కొస నీళ్లలో ముంచమన్నాడు కొక్కిలిగడ్డ నాంచారయ్య.
వల మనిషాయన,
నా గేలం చూసి ఇప్పటికీ నవ్వుతాడు.

ఇంతే అనుకున్నాను లెక్క.
ఆ ఏడు బుడమేరు సింగ్ నగర్లో మా వీధిలోకొచ్చింది.
ఖాజాబీ ఎప్పుడూ అడగని నీళ్లు,
స్కూటర్ల మీంచి, గ్యాస్ బండల్ని తోసుకుంటూ,
ఎవరింటి పప్పుడబ్బానో గిరగిరా తిప్పుతూ.
మూడో రోజు పడవ వీధి మొగలో ఆగిపోయింది.
వేలాడే కరెంటు తీగలు అడ్డం.
అందులో పాల ప్యాకెట్లు,
ఐసు ముక్కల మధ్య పక్కింటి చినవెంకాయమ్మగారి ఇన్సులిన్.
మా డాబాకి నలభై అడుగుల దూరం.

చుట్టల పెట్టె తీశాను.
ఏది అని ఆలోచించలేదు.
నాచురంగు లావుది, సీసం గుండు కట్టి విసిరాను.
మొదటిసారి తీగ మీద పడింది.
రెండోసారి పడవలో కుర్రాడి కాళ్ల దగ్గర.
వాడు సంచి ముడేసి
దారాన్ని రెండుసార్లు లాగాడు.

తెలిసింది.
రెండూ, విడివిడిగా.

సంచి పైకొచ్చేసరికి చూపుడువేలు తెగింది.
రక్తం ముందు చూశాను.
కాసేపటికి మంట పుట్టింది.
మండుతోందే అని మా ఆవిడకి చెబితే
పసుపద్దుతూ తిట్టింది.

నెల తర్వాత కొత్త చుట్టకి వెళ్లాను.
"ఏ నీళ్లకి?" అంది ఖాజాబీ, కళ్లద్దాలు తుడుచుకుంటూ.
కాసేపు నిలబడి,
ఎప్పట్లాగే బందరు కాలవకన్నాను.
ఆమె నా వేలు చూసింది.
కొలిచి, ఆగి,
ఇంకో పది బారలు వదిలి తెంపింది.